చల్లపల్లిలో మా పిన్ని తుఫాను పెట్టె

ఏ ఊరు వెళ్ళినా తిరిగొచ్చేటప్పుడు ఏదో ఒకటి చేత పట్టుకు రావడం మన ఆడవాళ్ళకి అలవాటు. బందరు వెళితే లడ్డూ, ఆత్రేయపురం వెళితే పూతరేకులు, మంగళగిరి వెళితే చీర. పోయిన కార్తీక మాసంలో చల్లపల్లి వెళ్ళి నేను పట్టుకొచ్చింది మాత్రం నోటు పుస్తకంలోంచి చింపిన ఒక కాగితం, హార్లిక్స్ సీసాలో వేసిన ఒక అగ్గిపెట్టె. ఆ రెండింటి కథే ఇది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా. టీవీలో మచిలీపట్నం పేరు వినపడ్డప్పుడల్లా నాకు చల్లపల్లిలో ఉన్న మా పిన్నే గుర్తొచ్చింది. ఆ రాత్రి ఎన్నిసార్లు ఫోను చేసినా కలవలేదు. తెల్లారాక కలిసింది. "నాకేం కాలేదే, పెట్టె పక్కన పెట్టుకుని రాత్రంతా మంచం మీద కూచున్నా" అంది. "పెట్టేమిటి పిన్నీ?" అంటే, "ఫోన్లో చెబితే తెలిసేది కాదు, వచ్చి చూడు" అంది. సరే, పౌర్ణమికి అక్కడుండేలా బయల్దేరాను.

విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లి. దగ్గర దగ్గర రెండు గంటల ప్రయాణం. కిటికీ పక్కన కూచుంటే దారంతా కాలవలూ, వరి పొలాలూ. మామూలు సంవత్సరమైతే కార్తీకంలో ఈ దారి చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. ఈసారి చాలా చోట్ల కంకి మీదున్న వరి నేలకి ఒరిగిపోయి, దువ్వెన పెట్టి ఒకవైపు దువ్విన జుట్టులా పడుంది. నా పక్కన కూచున్నావిడ ఘంటసాల దగ్గర పల్లెటూరట. "ప్రాణాలు మిగిలాయి గదమ్మా, గింజల సంగతి కోతలైతే గాని తెలీదు" అంది. ఈ ప్రాంతం వాళ్ళు తుఫాను గురించి మాట్లాడేటప్పుడు ముందు ప్రాణాల లెక్క చూసుకుంటారు, ఆ తరవాతే మిగతా లెక్కలు. అది ఎందుకో ఆ రాత్రి పిన్ని ఇంట్లో నాకు బాగా అర్థమయింది.

ఊరు చూడముచ్చట

చల్లపల్లి ఒకప్పుడు దేవరకోట సంస్థానానికి ముఖ్యపట్నం. యార్లగడ్డ వారి కోట ఇప్పటికీ ఊళ్ళో ఉంది. కానీ ఈ మధ్య ఈ ఊరి పేరు బయటికి తెచ్చింది కోట కాదు, చీపురు! 2014 నవంబరులో కొందరు డాక్టర్లూ, ఊరివాళ్ళూ కలిసి "స్వచ్ఛ చల్లపల్లి" అని మొదలుపెట్టారు. తెల్లవారకముందే లేచి, ఎవరి వీలును బట్టి వాళ్ళు వచ్చి, రోడ్లు ఊడ్చి, కాలవగట్లు బాగుచేసి, పూలమొక్కలు నాటి, ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేసి ఎవరి ఉద్యోగాలకి వాళ్ళు వెళతారు. ఏదో పదిరోజుల ముచ్చట అనుకుంటారేమో, ఏళ్ళ తరబడి సాగిన పని అది. బస్సు దిగి నడుస్తుంటే రోడ్డు పక్క పూలచెట్లు చూసి, నిజం చెప్పొద్దూ, మా వీధి గుర్తొచ్చి సిగ్గేసింది.

రోజూ చేసే చిన్న పని ఒక ఊరి రూపం మార్చేస్తుందని ఈ ఊరు చూస్తే నమ్మకం కలుగుతుంది. పెట్టె సంగతీ అలాంటిదే. అందుకే ముందుగా ఇది చెప్పాను.

పెట్టె తెరిచింది

పిన్ని ఇల్లు ఒకప్పుడు పెంకుటిల్లు, ఇప్పుడు డాబా. కాళ్ళు కడుక్కుని కాఫీ తాగానో లేదో, పడమటింట్లో బల్ల మీదున్న నల్ల ట్రంకుపెట్టె చూపించింది. నేల మీద కాదు, బల్ల మీద! తాళం లేదు, గొళ్ళేనికి ఎర్ర రిబ్బను కట్టుంది.

"తాళం వెయ్యవా పిన్నీ?" అన్నాను.

"వేస్తే ఆ వేళకి తాళంచెవి ఎవత్తె వెతుకుతుందే?" అంది.

లోపల ఏమున్నాయనుకున్నారు? మూత మైనంతో మూసిన హార్లిక్స్ సీసాలో రెండు అగ్గిపెట్టెలు, నాలుగు కొవ్వొత్తులు. బ్యాటరీ లైటు, దాని సెల్లులు విడిగా ఇంకో సీసాలో. లైట్లోనే ఉంచేస్తే నీరుకారి పాడైపోతాయట. ఉతికి ఎండేసి మడతపెట్టిన పాత నేత చీరలు రెండు. ఆ చీర కట్టు కట్టడానికీ, పసిబిడ్డని పడుకోబెట్టడానికీ, తాడుగా పేనుకోడానికీ, రెండు వెదురుకర్రలకి చుడితే మనిషిని మోసుకెళ్ళడానికీ పనికొస్తుందని చెప్పింది. ఒక చేద తాడు, చాకు, ఈల. దూది, గాజుగుడ్డ, ఓఆర్‌ఎస్ పొట్లాలు, బాబాయి బీపీ మాత్రలు వారానికి సరిపడా. రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో పొలం కాగితాలు, ఆధార్, బ్యాంకు పుస్తకాల జిరాక్సులు, ముఖ్యమైన ఫోను నెంబర్లు రాసిన కాగితం. డబ్బాల్లో అటుకులు, పుట్నాలపప్పు, బెల్లం.

"ఇవన్నీ పాడైపోవూ?" అన్నాను.

"ఊరగాయ జాడీ ఏటా కడిగి ఎండబెట్టుకోమూ? ఇదీ అంతే. కార్తీక పౌర్ణమి ముందు రోజు పెట్టె ఖాళీ చేస్తాను. అటుకులు, బెల్లం వంటింట్లోకి పోతాయి, పౌర్ణమి ప్రసాదం వాటితోనే. కొత్తవి పెట్టెలోకి వస్తాయి. మాత్రల తారీకులు మీ మరదలు చదివి చెబుతుంది. మళ్ళీ ఎండలు ముదిరే ముందు, ఉగాదికి ఇంకోసారి. తుఫానులు వైశాఖంలోనూ వస్తాయిగా!"

ఉగాదికీ కార్తీకానికీ ముడిపెట్టుకుంటే ఇక మర్చిపోయే ప్రశ్నే లేదు. ఈ ఉపాయం నాకెంతో నచ్చింది.

ఆ రాత్రి

భోజనాలయ్యాక, ఈ అలవాటు ఎప్పట్నించీ అని అడిగాను. పిన్ని కాసేపు మాట్లాడలేదు.

1977 నవంబరు 19, శనివారం. పిన్నికి పెళ్ళయి ఏడాది. ఆ రోజు దివిసీమ మీద పడిన తుఫాను, ఉప్పెన గురించి మనం అందరం వినే ఉంటాం. సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీద పడింది. పదివేల మంది దాకా పోయారు, అంతకంటే ఎక్కువేనని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు లాంటి నటులు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేసింది ఆ ఉప్పెనకే. అంతకుముందు 1864 నవంబరు 1న బందరు మీద పడిన ఉప్పెనలో ముప్ఫై వేల మంది పోయారని చరిత్ర. ఈ నేలకి కార్తీకం దీపాల నెలే కాదు, భయాల నెల కూడా.

చల్లపల్లిలో ఆ రాత్రి పెంకులన్నీ లేచిపోతుంటే పిన్నీ, బాబాయీ, అత్తగారూ తలుపుకి వీపులు ఆనించి నిలబడ్డారట. వాళ్ళు బతికారు. పిన్ని పెద్దాడపడుచు మాత్రం దక్షిణాన, సముద్రం వైపు పల్లెలో ఉండేది. నలుగురు పిల్లలు. గాలి పెరిగేసరికి ఊరివాళ్ళతో కలిసి బడిలోకి వెళ్ళారు. చీకటి పడ్డాక నీళ్ళు వచ్చాయి. మోకాళ్ళు, నడుము, ఛాతీ. పిల్లల్ని బల్లల మీదికెక్కించి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచిందట. నలుగురూ పలికారు. కాసేపాగి మళ్ళీ పిలిచింది. ముగ్గురే పలికారు.

"లాంతరుంది. నూనుంది. అగ్గిపెట్టె బొడ్లో పెట్టుకుంది, తడిసిపోయింది" అంది పిన్ని. "వాడికి ఆరేళ్ళు. దీపం వెలిగితే ఏ మూలనున్నాడో చూసి లాక్కునేదాన్ని అని, పోయేదాకా ఆ ఒక్క మాటే అనేది మా వదిన. పొడి అగ్గిపుల్ల ఒక్కటి లేకపోయెనే!"

ఆ సీసాకి మైనం ఎందుకు వేస్తుందో నేను మళ్ళీ అడగలేదు.

బడి పెట్టె

మా మరదలు, అంటే పిన్ని కోడలు, దగ్గరి పల్లెలో టీచరు. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి ఎన్నడూ లేనంత వరద వచ్చి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కిందనున్న లంక గ్రామాలు మునిగాయి. ఆ తరవాత బళ్ళు తెరిచాక, తమ బడిలో ప్రథమ చికిత్స పెట్టె ఎలా ఉందో చూద్దామని బీరువా మీంచి దింపించిందట.

"తాళం వేసుంది వదినా. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. రాయితో కొట్టి తెరిస్తే, ఎండిపోయిన టించరు సీసా, జిగురైపోయిన ప్లాస్టరు, ఒక రసీదు పుస్తకం!" అని నవ్వింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, పిన్ని నవ్వలేదట.

"పిల్లలెంతమంది?"

"నూట పన్నెండు మంది అత్తయ్యా."

"నూట పన్నెండు మందికి ఎండిపోయిన సీసానా!" అని మర్నాడే రిక్షా కట్టించుకుని బడికి వెళ్ళిందట.

డబ్బులెవరిస్తారని అడిగితే పిన్ని చెప్పిన ఉపాయం ఏమిటంటే, పేరంటానికి పిలిచినట్టు తల్లుల్ని పిలవడం. ఒకరు దూది, ఒకరు ఈల, ఒకరు పాత చీర, ఒకరు బ్యాటరీ లైటు తెచ్చారు. పాల కేంద్రం నడిపే ఆవిడ పెద్ద ప్లాస్టిక్ డ్రమ్మిచ్చింది, మూత గట్టిగా పడుతుంది, నీళ్ళలో తేలుతుంది. అప్పుడో తల్లి నెమ్మదిగా అందట: "వరదప్పుడు బడిలో పడుకున్నాం. అన్నం పొట్లాలొచ్చాయి, దుప్పట్లొచ్చాయి. నెలసరి గుడ్డల సంగతి ఎవరూ అడగలేదండీ, మేమూ నోరు విప్పలేకపోయాం." ఆ రోజు నుంచి ఆ ప్యాకెట్లు కూడా పెట్టెలో చేరాయి. మగవాళ్ళు రాసే జాబితాల్లో ఇది సాధారణంగా ఉండదు. మనమే రాయాలి.

నేను వెళ్ళిన మర్నాడు బడిలో గంట పరీక్ష పెట్టారు. గంట ఆగకుండా మోగితే పిల్లలు వరసగా, తోసుకోకుండా బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడాలి. పిన్నీ నేనూ గోడ పక్కన కుర్చీలేసుకుని చూస్తున్నాం. పిల్లలు ముచ్చటగా వచ్చేశారు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అందరం చప్పట్లు కొట్టబోతుంటే మా మరదలు "ఆగండి" అంది. హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచింది.

ఒకడు తక్కువ.

మళ్ళీ పిలిచింది. పలకలేదు. నేను పిన్ని వంక చూశాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. చెయ్యి వణుకుతోంది.

మూడో తరగతి వాడు. పాయిఖానాకి వెళ్ళాడు, గంట వినపడలేదు. నిక్కరు సర్దుకుంటూ గోడ వెనకనించి పరుగెత్తుకొచ్చాడు. అందరూ నవ్వారు. పిన్ని వాణ్ణి దగ్గరికి తీసుకుని తలమీద చెయ్యి వేసి, ఎంతసేపటికీ వదల్లేదు. వాడికేం తెలుసు పాపం, బిక్కమొహం వేసుకు నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే టీచర్లు రెండు నియమాలు పెట్టుకున్నారు. ఒకటి, గంట మోగితే టీచరు చేతిలో హాజరు పట్టీ లేకుండా బయటికి రాకూడదు. రెండు, ప్రతి పిల్లకీ ఒక జంట. జంట కనపడకపోతే వెంటనే చెప్పాలి. నాలుగు ఈలలూ, పది కట్టుగుడ్డలూ ఉన్న పెట్టె కంటే ఆ హాజరు పట్టీయే ముఖ్యమని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

తమిళనాడు కుంభకోణంలో 2004 జూలై 16న బడికి నిప్పంటుకుని 94 మంది పసివాళ్ళు పోయారు. పాకకి అంటుకున్న నిప్పు, ఇరుకు దారి ఎంత పని చేశాయో అప్పట్లో పత్రికల్లో చదివి కంటతడి పెట్టని తల్లి లేదు. ఆ దుర్ఘటన తలుచుకుంటే బడి గేటు తాళం, మెట్ల మీద పేర్చిన విరిగిన బల్లలు కూడా మన కంటికి ప్రమాదంగానే కనిపించాలి. జపాన్‌లో భూకంపాలు ఎక్కువ. అక్కడ చాలా బళ్ళలో పిల్లల కుర్చీకి దూది కుట్టిన టోపీ వేలాడుతుంటుంది. మామూలు రోజుల్లో అది మెత్త, భూమి కదిలితే తలకి రక్షణ. చాలా ఇళ్ళల్లో తల్లులే కుడతారట. 1923 సెప్టెంబరు 1 నాటి పెద్ద భూకంపాన్ని గుర్తుంచుకుని ఏటా ఆ తేదీన దేశమంతా అభ్యాసం చేస్తారు. మనకి నవంబరు 19 ఉంది. ఆ రోజు ప్రతి బడిలో ఒక్క గంట మోగిస్తే ఎంత బావుంటుంది!

దివిసీమ చూసొచ్చాం

పౌర్ణమి ముందు ఇంకో రోజు మిగిలింది గదా అని ఆటో మాట్లాడుకుని దివిసీమ చూసొచ్చాం. ముందు మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో పిల్లల కోసం మొక్కుకునే తల్లులతో ఎప్పుడూ రద్దీయే. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు విపరీతమైనప్పుడు ఈ ఆలయంలోనే సర్పశాంతి యాగం చేశారు. స్వామికి దణ్ణం పెట్టుకుని బయటికొచ్చాక మా మరదలు చెప్పింది: నీళ్ళు పొలాల్లోకి వస్తే పాములు గట్లెక్కుతాయి, ఇళ్ళల్లోకీ బళ్ళల్లోకీ చేరతాయి. అందుకే తమ పెట్టెలో రెండు జతల గమ్ బూట్లు పెట్టారట. కాటు పడితే తాడు బిగించి కట్టకూడదు, కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషికి ధైర్యం చెప్పి, విషానికి విరుగుడు మందున్న ఆస్పత్రికి చేర్చాలి. 108 నంబరు పెట్టె మూత మీదే రాసుంది.

పులిగడ్డ దగ్గర నది మీదుగా కాలవ వెళ్ళే అక్విడక్టు చూశాం. కింద కృష్ణ పాయ, పైన కాలవ! ఎన్నిసార్లు చూసినా వింతే. అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి వేణుగోపాలస్వామిని దర్శించుకుని, పాలకాయతిప్ప వైపు వెళితే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. సముద్రం ఆ రోజు పాల గిన్నెలా ప్రశాంతంగా ఉంది. పిన్ని మాత్రం చెప్పులు విడిచి ఒడ్డునే నిలబడింది, నీళ్ళలోకి దిగలేదు.

దారి పొడుగునా తుఫాను షెల్టర్లు, ఎత్తు స్తంభాల మీద కట్టినవి కనిపిస్తాయి. 1977 తరవాత వచ్చిన మార్పు ఇది. 1990 మే 9న మళ్ళీ అంత పెద్ద తుఫానూ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందుగానే కబురందింది, లక్షల మందిని తరలించారు. ఆస్తులు ఘోరంగా పోయాయి. ప్రాణనష్టం మాత్రం వెయ్యికి లోపలే ఆగింది. పదివేలెక్కడ, వెయ్యెక్కడ! ఆ వెయ్యి ఇళ్ళల్లోనూ ఏడుపు ఏడుపే, కాదనను. కానీ ముందు జాగ్రత్త అనే మాటకి ఎంత బలముందో ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పని చేసే చోట

ఇంటికొచ్చాక నా సొంత అనుభవం ఒకటి చెప్పాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు నేనొక కుట్టు కేంద్రంలో పనిచేశాను. ఒకమ్మాయి చేతి మీద ఇస్త్రీపెట్టె పడింది. పెట్టె ఉంది, తాళం వేసుంది, తాళంచెవి యజమాని జేబులో, యజమాని ఏలూరులో! ఎవరో టూత్‌పేస్టు రాశారు, ఇంకెవరో సిరా పోశారు. ఆ మచ్చ ఆ అమ్మాయి చేతి మీద ఉండిపోయింది. కాలినచోట వెంటనే ఇరవై నిమిషాల పాటు మామూలు నీళ్ళ ధార పడనిచ్చి, శుభ్రమైన గుడ్డ కప్పి, డాక్టరుకి చూపించాలని నాకు తెలిసింది ఆ తరవాత చాలా ఏళ్ళకి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో దీని గురించి రాసి ఉంది. ప్రతి 150 మంది పనివాళ్ళకి కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె, అందులో దానికి సంబంధించినవి తప్ప వేరే వస్తువు పెట్టకూడదు, పని వేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండే ఒక మనిషి దానికి బాధ్యత వహించాలి అని. తరవాత చట్టాలు మారాయి గాని ఆ మాటలోని తెలివి మారలేదు. పెట్టెకి ఒక మనిషి ఉండాలి. మనింట్లో పోపులపెట్టె ఎప్పుడూ ఖాళీ ఎందుకవదంటారు? అది ఎవరి చేతిలో ఉందో ఇంటిల్లిపాదికీ తెలుసు గనక. బడిలోనూ ఆఫీసులోనూ పెట్టె "అందరిదీ" అయిపోయి, చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

మరదలు రాసిచ్చిన కాగితం ఇదిగో. కత్తిరించి అలమర తలుపు లోపల అంటించుకోండి.

బడికైనా, పనిచేసే చోటికైనా పెట్టెలో ఉండాల్సినవి

• వెలుగు: బ్యాటరీ లైటు, విడిగా సెల్లులు, గాలి చొరని సీసాలో అగ్గిపెట్టె. (గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గియ్యకండి, కరెంటు స్విచ్చి ముట్టుకోకండి.)

• చప్పుడు: ఈలలు, చేతిగంట. శిథిలాల కిందనున్నా, చీకట్లో ఉన్నా గొంతు కంటే ఈల దూరం వినిపిస్తుంది.

• గాయాలకి: దూది, గాజుగుడ్డ, కట్టుగుడ్డలు, ప్లాస్టరు, కత్తెర, రబ్బరు తొడుగులు, క్రిమిసంహారక మందు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి.

• నీళ్ళకి: మూత ఉన్న క్యాన్లు, క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. తాగడానికీ, కాస్త వంటకీ కలిపి మనిషికి రోజుకి మూడు నాలుగు లీటర్లు లెక్క వేసుకోండి. పొట్లాలు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి.

• తిండికి: అటుకులు, పుట్నాలపప్పు, బెల్లం, బిస్కెట్లు.

• మోతకి: తాడు, పాత చీరలు, రెండు వెదురుకర్రలు, గోనెసంచులు.

• ఆడవాళ్ళకి: నెలసరి ప్యాకెట్లు, ఒక జత బట్టలు, సబ్బు.

• కాగితాలు: పేర్ల పట్టీ, ప్రతి పిల్ల ఇంటి ఫోను నెంబరు, ఉబ్బసం, ఫిట్స్ ఉన్నవాళ్ళ పేర్లు, వాళ్ళ మందులు. సెల్‌ఫోన్లో దాచుకుంటే చాలదు, ఛార్జింగు అయిపోతే ఏమీ ఉండదు. కాగితం మీద రాసి ప్లాస్టిక్ సంచిలో పెట్టండి.

• మూత మీద నెంబర్లు: 112, 108, అగ్నిమాపక దళం 101, జిల్లా విపత్తు కేంద్రం 1077, రాష్ట్రానిది 1070.

• పెట్టె చోటు: నేల మీద వద్దు, బీరువా మీద వద్దు, పొట్టివాళ్ళకీ అందే ఎత్తున గుమ్మానికి దగ్గరగా. తాళం వద్దు. పెట్టె చూసేవారి పేరు, ఆవిడ సెలవులో ఉంటే చూసేవారి పేరు కూడా మూత మీద రాయాలి.

• ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ కార్తీక పౌర్ణమికీ, ఖాళీ చేసి మళ్ళీ సర్దాలి.

పిన్ని అటుకుల ఉండలు

తుఫాను కబురు రాగానే పిన్ని మొదట చేసే పని ఇది. కప్పు అటుకులు దోరగా వేయించి పొడి కొట్టుకోవాలి. అరకప్పు పుట్నాలపప్పు పొడి, ముప్పావు కప్పు బెల్లం తురుము, చిటికెడు ఏలకుల పొడి కలిపి, రెండు మూడు చెంచాల వేడి నెయ్యి పోసి ఉండలు కట్టడమే. పొయ్యి వెలిగించలేని రోజున పిల్లల ఆకలికి ఆసరా. తడి తగలకపోతే వారం పది రోజులకీ చెడవు. తుఫాను రాకపోతే మరీ మంచిది, సాయంత్రం పలహారం అయిపోతుంది!

పౌర్ణమి నాడు పిన్ని పాత అటుకులతో ప్రసాదం చేసింది. కాలవలో దీపాలు వదిలాం. మర్నాడు బస్సెక్కుతుంటే నా చేతిలో హార్లిక్స్ సీసా పెట్టింది, మైనం వేసిన మూతతో. "మీ అమ్మాయికివ్వు. ఎక్కడో ఎనిమిదో అంతస్తులో ఉద్యోగమన్నావుగా" అంది.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఆ రాత్రే ఫోను చేసి, "మీ ఆఫీసులో పెట్టె ఎక్కడుందే?" అంటే, "ఏ పెట్టమ్మా?" అంది. నాలుగు రోజుల తరవాత తనే ఫోను చేసింది. పెట్టె వెతికి తెరిచారట. లోపల పుట్టినరోజు కొవ్వొత్తులూ, సెల్లోటేపూ ఉన్నాయట. పైగా మెట్ల తలుపుకి తాళం వేసుందట. "తాళం తీయించాం అమ్మా, పెట్టె నేను చూసుకుంటానని మూత మీద నా పేరు రాశారు" అంది.

ఆ మాట పిన్నికి చెప్పాను. అవతల కాసేపు ఏం వినపడలేదు.

"ఉగాదికి గుర్తు చెయ్యి దానికి" అంది చివరికి.